బస్సు అందుబాటులోనే ఉంది

మా సర్వజన రవాణా సేవా సంఘానికి పదేళ్ళు నిండబోతున్నాయని, ఆ సందర్భంగా ఒక సావనీరు వెయ్యాలని, అందులో సంఘం చరిత్ర నన్ను రాయమని అధ్యక్షులు చిట్టూరి భీమశంకరం గారు ఆదేశించారు. నన్నే ఎందుకంటే, ఆఫీసులో పనిలేనట్టు కనబడేది నేనొక్కదాన్నే. ఫోనెత్తి బస్సు బుక్ చెయ్యడం నా ఉద్యోగం. బస్సు షెడ్డు దాటి అప్పటికి ఏడాదిన్నర అయింది కాబట్టి, నాకు ఎంత పొడుగు చరిత్రయినా రాసే తీరిక ఉంది.

చరిత్రని యుగాలుగా విభజించమన్నారు. విభజించాను. మొదటిది బస్సు లేని యుగం. రెండోది బస్సు తిరిగిన యుగం. మూడోది బస్సు అందుబాటులో ఉన్న యుగం. మూడోదాన్ని స్వర్ణయుగం అని రాయమన్నారు. నాలుగో యుగం ఒకటి వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

మొదటి యుగంలో మా రావిలంక నుంచి బయటికి పోయే ఏ బస్సు మెట్టయినా మోకాలికి పైనే ఉండేది. కాళ్ళు బాగున్నవాళ్ళు ఎగిరి ఎక్కేవాళ్ళు, లేనివాళ్ళు ఇంట్లోనే ఉండేవాళ్ళు. భీమశంకరం గారి తల్లి అనసూయమ్మ గారికి తుంటి విరిగిన ఏడాది, మనవరాలి పెళ్ళి చూసి తీరతానని పట్టుబట్టారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు భుజాలకెత్తి, బస్సు దాకా మోసుకెళ్ళారు. దారిలో ఎదురైనవాళ్ళందరూ చెప్పులు విప్పి పక్కకి తప్పుకుని దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు. అనసూయమ్మ గారు పైనుంచి, "బతికే ఉన్నాన్రా వెధవల్లారా, పెళ్ళికెళ్తన్నాను!" అని అరుస్తూనే ఉన్నారు. ఒకాయన పేలాలు కూడా చల్లాడని అంటారు కానీ, సాక్ష్యం దొరకలేదు.

ఆ అవమానంలోంచి పుట్టిందే మా సంఘం. భీమశంకరం గారు ఎమ్మార్వో ఆఫీసులో ముప్ఫైమూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అర్జీ ఎలా రాస్తే ఎవరూ కాదనలేరో ఆయనకి తెలిసినట్టు మా జిల్లాలో ఎవరికీ తెలీదు. అర్జీలు రాసీ రాసీ, దక్షిణ వికాస నిధి అనే పెద్ద సంస్థ చేత ఒక బస్సు ఇప్పించారు. వెనక తలుపు తీస్తే ఇనప పలక ఒకటి మెల్లిగా నేల మీదకి దిగుతుంది. చక్రాల కుర్చీతో సహా దాని మీద ఉంటే అదే లోపలికి లేపుతుంది. ఊళ్ళో వాళ్ళు దానికి లిఫ్టు బండి అని పేరు పెట్టారు.

రెండో యుగం ఎనిమిదేళ్ళ పైచిలుకు. డ్రైవరు ఏసుపాదం. ఆయన బండి నడుపుతుంటే చేతిలో టీ గ్లాసు తొణకదని ప్రతీతి. జనం ఆసుపత్రికెళ్ళారు, బ్యాంకుకెళ్ళారు, సినిమాకెళ్ళారు. ఒక ముసలాయన పదకొండేళ్ళుగా ఫోన్లోనే పోట్లాడుతున్న తమ్ముడితో ఎదురుగా నిలబడి, అంటే కూర్చుని, పోట్లాడ్డానికి పక్కూరెళ్ళాడు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి ఏడ్చి, మళ్ళీ పోట్లాడుకున్నాక, ముసలాయన మూడు గంటలు ఆలస్యంగా బండెక్కాడు. ఏసుపాదం హారను కూడా కొట్టలేదట.

నూకరత్నం గారు మాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. చిన్నప్పుడే పోలియో వచ్చింది. బజారు వీధిలో జాకెట్లు కుడతారు. మెడలో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది, దండ వేసినట్టు. నలభై ఏళ్ళ వయసులో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి, వారానికి రెండుసార్లు మా బస్సులో క్లాసులకి వెళ్ళేవారు. అన్ని పరీక్షలూ పాసయ్యారు. లెక్కలు ఒక్కటే నాలుగు మార్కుల్లో పోయింది.

"జాకెట్టుకి గుడ్డెంత పడుద్దో కళ్ళతో చూసి చెప్పేత్తాను గదే వేణీ, ఆ ఎక్స్ ఎంతో నాకెందుకే?" అనేవారు నాతో.

ఇక్కడ మూడో యుగం మొదలవుతుంది.

నిధి వాళ్ళు బస్సుతోపాటు ఇచ్చిన ఇంగ్లీషు ఒప్పందంలో ఏడో షరతు ఉంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళయినా, కర్రపట్టుకున్నవాళ్ళయినా ఎక్కగలిగేలా బస్సు ఉండాలని దాని అర్థం. భీమశంకరం గారు దాన్ని తెలుగు చేసినప్పుడు "యాక్సెసబుల్" అన్న ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర ఒక రోజంతా ఆగి, చివరికి "వాహనము అన్నివేళలా అందుబాటులో ఉండవలెను" అని రాశారు. "అన్నివేళలా" అన్నది ఇంగ్లీషులో లేదు. వాక్యం నిండుగా ఉంటుందని ఆయనే కలిపారు. ఆ తెలుగు కాగితం అద్దం కట్టించి ఆఫీసులో గోడకి వేలాడదీశారు.

ఒక మంగళవారం పదకొండింటికి నిధి నుంచి మూల్యాంకన అధికారి కృపానిధి గారు చెప్పకుండా వచ్చారు. షెడ్డులోకి తొంగి చూశారు. బస్సు లేదు. గోడ మీద కాగితం చదివారు. మళ్ళీ షెడ్డు చూశారు.

"వాహనమేదీ?" అన్నారు.

"బయటికెళ్ళిందండి. నలుగుర్ని క్లాసులకి, ఇద్దర్ని ఆసుపత్రికి తీసికెళ్ళింది," అన్నాను.

"అంటే అందుబాటులో లేదు."

"ఎక్కినోళ్ళకి ఉందండి."

ఆయన నా వైపు చూడకుండా రిజిస్టరు తెరిచి, "తనిఖీ సమయమున వాహనము అందుబాటులో లేదని గమనించడమైనది" అని రాసి, కింద రెండు గీతలు గీసి వెళ్ళిపోయారు. రెండు గీతలంటే ఏమిటో మాకు తెలీదు గానీ, ఇంకోసారి పడితే బస్సు వెనక్కి పోతుందని భీమశంకరం గారికి తెలుసు. ఆయన కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగారు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం. ఏసుపాదాన్ని, నన్ను కూడా కూర్చోమన్నారు.

"సేవ పేరుతో మనం ఇన్నాళ్ళు ఎంత అన్యాయం చేశామో ఎవరైనా ఆలోచించారా?" అన్నారు భీమశంకరం గారు. "మన సంఘంలో నమోదైన సభ్యులు పదకొండు వందల పన్నెండు మంది. బస్సు నలుగుర్ని ఎక్కించుకుని వెళ్ళిన ప్రతిసారీ, పదకొండు వందల ఎనిమిది మందికి అది అందుబాటులో లేకుండా పోతున్నది. ఇది వివక్ష కాదా?"

"మరి నిలబెట్టేత్తే నలుగురికీ లేదు గదండీ," అన్నాడు ఏసుపాదం.

"నిలబెడితే అందరికీ ఉన్నది! సమానంగా ఉన్నది! ఎవరు ఏ క్షణాన వచ్చి చూసినా ఉన్నది!" ఆయన బల్ల చరిచారు. "ఇకనుండి వాహనము అందుబాటుకు భంగము కలిగించు ఏ కదలికయూ అనుమతించబడదు."

తీర్మానం పాసైంది. ఆ మర్నాటి నుంచి ఫోనొస్తే నేను చెప్పాల్సిన మాట కాగితం మీద రాసిచ్చారు. "నమస్కారం. మీరు కోరిన బస్సు ప్రస్తుతం అందుబాటులో ఉంది." అంతే. వాళ్ళు "అయితే పంపించండి" అంటే, "పంపిస్తే ఉండదండి" అనాలి.

మొదటివారం బాగా తిట్టారు. రెండోవారం నన్ను తిట్టి లాభం లేదని వాళ్ళకే తెలిసింది. నాకేమో విసుగు పుట్టి, మూడోవారం సమావేశంలో నవ్వకుండా ఒక మాటన్నాను.

"బస్సు వాళ్ళ దగ్గరికి వెళ్ళకపోతే, వాళ్ళనే ఆటోల్లో బస్సు దగ్గరికి తీసుకొద్దామండి. కాసేపు కూర్చుని వెళ్తారు."

నేను ఎగతాళికి అన్నాను. భీమశంకరం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఈ అమ్మాయికి భవిష్యత్తు ఉన్నది," అన్నారు.

రోజూ పదిమంది ఆటోల్లో షెడ్డుకి రావడం మొదలైంది. ఇనప పలక వాళ్ళని లోపలికి ఎత్తుతుంది, గంట తరవాత దింపుతుంది. ఆసుపత్రికెళ్ళాల్సినవాళ్ళు ఆటోలో ఆసుపత్రి మీదుగానే మా షెడ్డుకొచ్చి, బస్సులో కూర్చుని, అదే ఆటోలో అదే ఆసుపత్రి మీదుగా ఇంటికెళ్ళేవాళ్ళు.

"లోపల కూర్చుంటే ఉక్కగా ఉందమ్మాయ్, కనీసం కిటికీలోంచి చూడ్డానికి ఏదైనా ఉంటే బాగుండు," అందొక మామ్మ.

"కిటికీలకి ఫ్లెక్సీలు కడదామండి," అన్నాను నేను, ముఖం గంభీరంగా పెట్టి. "ఎడం వైపు కాలవా కొబ్బరిచెట్లూ, కుడి వైపు ఆసుపత్రి."

కట్టారు. డ్రైవరు వెనక అడ్డంగా ఇంకో ఫ్లెక్సీ, దాని మీద "మీ ప్రయాణమే మా ప్రాణం". దీనికి ప్రయాణ అనుభూతి కార్యక్రమం అని పేరు. ఏసుపాదం ఇంజను ఆన్ చేసి, గేరు మార్చినట్టు నటించి, వంతెన దగ్గర హారను కొట్టాలి. వాచ్‌మన్ చిన్నారావు వెనకనుంచి బస్సుని ఊపాలి. దాన్ని ఫైల్లో "గతుకుల కల్పన" అని రాశారు. బ్రేకు వేసినప్పుడు అందరూ ముందుకి వంగాలని బోర్డు రాయించారు.

"ముప్ఫయ్యేళ్ళు స్టీరింగు తిప్పానే వేణమ్మా," అనేవాడు ఏసుపాదం టీ తాగుతూ. "ఇప్పుడు మా ఆవిడ అడుగుద్ది, ఇయ్యాల ఎంత దూరం తోలావు అని. ఏం చెప్పను? ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అన్నాను."

టైర్లు ఒకేచోట నొక్కుకుపోయి పాడవుతాయని, ఆయన పొద్దున్నే ఎవరూ రాకముందు బస్సుని ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ జరిపేవాడు. ఈ సంగతి భీమశంకరం గారికి తెలిస్తే సస్పెండు చేసేవారు.

కృపానిధి గారు మళ్ళీ చెప్పకుండా వచ్చారు. ఉంది. ఇంకోసారి వచ్చారు. ఉంది. భోజనానికి వెళ్ళినట్టు వెళ్ళి పావుగంటలో వెనక్కి వచ్చారు. అప్పుడూ ఉంది. రాష్ట్రంలో నూటికి నూరు శాతం అందుబాటు సాధించిన ఏకైక వాహనమని నిధి వాళ్ళు మాకు షీల్డు ఇచ్చారు. మిగతా జిల్లాల సంఘాల వాళ్ళు మా పద్ధతి నేర్చుకోవడానికి తమ తమ బస్సుల్లో వచ్చి, చూసి, నోట్సు రాసుకుని, వెళ్ళి, ఆ బస్సులు కూడా నిలబెట్టేశారు. ఒక జిల్లావాళ్ళకి ఉత్సాహం మరీ ఎక్కువై, వచ్చిన బస్సుని మా ఊళ్ళోనే నిలబెట్టి, తిరిగి వెళ్ళడానికి రైలెక్కారు.

బస్సు వెనక ఇనప పలక మీదికి ఆనపపాదు పాకింది. కోసేద్దామన్నాడు చిన్నారావు. "పర్యావరణ హితము అని రిపోర్టులో రాయండి," అన్నారు భీమశంకరం గారు. ఆ వారం మాకు రెండు కాయలు కాశాయి.

ఈ స్వర్ణయుగం మధ్యలో నూకరత్నం గారు లెక్కల పరీక్షకి మళ్ళీ కట్టారు. సెంటరు పాతలంక హైస్కూలు, కాలవ గట్టు మీదుగా పద్నాలుగు కిలోమీటర్లు. బస్సు అందుబాటులో ఉంది కాబట్టి ఆటోలో బయల్దేరారు. కుర్చీ ఆటోలో పట్టదు, పైన కట్టారు. సగం దారిలో తాడు తెగి కుర్చీ కాలవలో పడింది. అది ఈదుకుంటూ పోతుంటే ఆటోవాడు గట్టు వెంట పరిగెత్తి లాకుల దగ్గర పట్టుకున్నాడు. సెంటరుకి చేరేసరికి పది నలభై. పదింటికే గేటు మూసేశారు.

ఇక మిగిలింది ఒక్క అవకాశం. కట్టిన అయిదేళ్ళ గడువు ఈ పరీక్షతో అయిపోతుంది. ఇది పోతే పాసైనవన్నీ కూడా పోయి, మళ్ళీ మొదట్నుంచి రాయాలి. అవతల ఆడపిల్లల గురుకులంలో కుట్టు టీచరు పోస్టు ఖాళీగా ఉంది. ప్రిన్సిపాలు ఈవిడ పనితనం చూసి, పదో తరగతి పాసైన కాగితం ఒక్కటి తెచ్చుకోమంది.

నూకరత్నం గారు ఆఫీసుకొచ్చి భీమశంకరం గారి ఎదురుగా కుర్చీ ఆపారు.

"వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం నా పరీక్షండి. ఒక్క పూట బస్సివ్వండి."

"బస్సు మీకు సంపూర్ణంగా అందుబాటులో ఉన్నదమ్మా."

"ఉంది గానండీ, ఇక్కడుంది. పరీక్ష అక్కడుంది."

"పరీక్ష మీకు అందుబాటులో లేకపోవడం విద్యాశాఖ వారి లోపం. అందుకు మన బస్సును నిందించరాదు."

"పోనీ నన్ను తీసుకెళ్ళి, వెంటనే వెనక్కొచ్చేమనండి."

"ఆ గంటసేపు మిగతా పదకొండు వందల పదకొండు మంది ఏమైపోవాలి?"

"అందులో పదకొండు వందల పదకొండు మందీ నన్ను తీసుకెళ్ళమనే అంటారండి. కావాలంటే ఫోన్లు చేసి అడగండి."

జవాబు తోచనప్పుడు ఆయన ఉత్తరం రాస్తారు. పరీక్షను మా షెడ్డులో, బస్సు లోపల నిర్వహించవలసిందని పరీక్షల విభాగానికి రాశారు. వారంలో జవాబొచ్చింది. "పరీక్షా కేంద్రము యథాస్థానములో అందరికీ అందుబాటులో ఉన్నది. కేంద్రమును కదిలించిన యెడల మిగిలిన అభ్యర్థులకు అందుబాటులో ఉండదు."

భీమశంకరం గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఎంత బాగా రాశారు!" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

నూకరత్నం గారు వరండాలో నా పక్కన కూర్చున్నారు. కొలత టేపు వేలికి చుడుతున్నారు, విప్పుతున్నారు.

"ఆ గురుకులం పిల్లలకి యూనిఫారాలు బయటోడు కుడతన్నాడే," అన్నారు చివరికి. "చంకల దగ్గర ఒదులు. చూడలేకపోతన్నాను."

ఏడాదికోసారి జరిగే సంపూర్ణ తనిఖీకి తేదీ ఖరారు చెయ్యడం నా పని. కృపానిధి గారికి ఫోన్ చేసి, శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి రమ్మన్నాను. ప్రయాణ అనుభూతి స్వయంగా చూసి వెళ్ళమన్నాను. ఆదర్శ ప్రయాణికురాలిగా ఎవర్ని పెట్టాలని భీమశంకరం గారు అడిగితే, నూకరత్నం గారి పేరు రాశాను. తరవాత ఏసుపాదం దగ్గరికి వెళ్ళి, విషయం చెప్పాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"డీజిలుందా బాబాయ్?" అన్నాను.

"నిండుగా ఉందమ్మా. తాగేవోడు ఎవడు!" అన్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి కృపానిధి గారు వచ్చారు. షెడ్డులో చక్రాల దగ్గర సున్నంతో గీసిన గీతలు చూసి, బస్సు వాటి మధ్యనే ఉందని నిర్ధారించుకున్నారు. ఆనపపాదు పక్కకి తీసి, నూకరత్నం గారిని లోపలికి ఎత్తాం. ఆవిడ ఒళ్ళో ఒక అట్ట, రెండు పెన్నులు, హాల్‌టికెట్టు ఉన్నాయి. అధికారి గారు, అధ్యక్షులు ఎక్కి ఎదురెదురు సీట్లలో కూర్చున్నారు. నేనూ ఎక్కి తలుపు మూశాను. ఎడం వైపు కాలవ, కుడి వైపు ఆసుపత్రి, ముందు "మీ ప్రయాణమే మా ప్రాణం".

ఇంజను స్టార్టయింది. బస్సు ఊగింది.

"ప్రారంభం బాగున్నది," అన్నారు కృపానిధి గారు.

రోడ్డెక్కగానే మొదటి గొయ్యి. ముగ్గురం గాల్లోకి లేచి పడ్డాం. కుర్చీకి పట్టీలున్నాయి కాబట్టి నూకరత్నం గారు కదల్లేదు.

"గతుకుల కల్పన చాలా సహజంగా ఉన్నదే! ఎంతమంది ఊపుతున్నారు?"

"రోడ్డేసినోళ్ళందరూ కలిసి ఊపుతున్నారండి," అన్నాను.

ఆయన రాసుకున్నారు. భీమశంకరం గారు గర్వంగా మీసం సవరించుకున్నారు. కాలవ గట్టు ఎక్కగానే ఫ్లెక్సీల సందుల్లోంచి గాలి రివ్వున కొట్టింది.

"ఈ గాలి?"

"ఫ్యానండి."

బయట ఒక గేదె అడ్డం వచ్చినట్టుంది. ఏసుపాదం గట్టిగా బ్రేకు వేశాడు. బోర్డులో రాసినట్టే అధికారి గారు ముందుకి వంగారు. గేదె నిదానంగా అరిచింది.

"ధ్వని కూడా ఏర్పాటు చేశారా?"

"రికార్డింగండి," అన్నాను.

"అయ్ బాబోయ్, నవ్వించకే, సూత్రాలు మర్చిపోతన్నాను," అని నూకరత్నం గారు కళ్ళు మూసుకుని గొణుక్కున్నారు.

"ప్రయాణికురాలు కూడా లీనమైపోయినారు," అన్నారు కృపానిధి గారు.

నలభై నిమిషాల తరవాత బస్సు ఆగింది. తొమ్మిది యాభైరెండు. వెనక తలుపు తీసి ఇనప పలక దింపాను. నూకరత్నం గారు మెడలోంచి టేపు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది మెడలో ఉంటే లోపలికి రానివ్వరేమో, ఉంచవే," అని, వెనక్కి చూడకుండా కుర్చీ తోసుకుంటూ గేటులోకి వెళ్ళిపోయారు.

కృపానిధి గారు తలుపు దగ్గరికి వచ్చి, ఎదురుగా ఉన్న హైస్కూలుని తలాడిస్తూ చూశారు.

"ఈ ఫ్లెక్సీ అన్నిటికన్నా బాగున్నది," అన్నారు. చెయ్యి చాపి, బస్సు పక్కకి తెరిచున్న గేటు రెక్కని తట్టారు. ఖంగుమంది. గేటు వెనకున్న అటెండరు, "కూడా వచ్చినోళ్ళకి లోపలికి పర్మిషన్ లేదండి, పక్కకెళ్ళండి," అన్నాడు.

భీమశంకరం గారికి ఏ మాట ముందు వాడాలో తెలీలేదు. "ఇది... అనధికార... తీర్మానమునకు విరుద్ధ..." అంటూ నా వైపూ ఏసుపాదం వైపూ వేలు మార్చి మార్చి చూపిస్తున్నారు.

కృపానిధి గారు రిజిస్టరు తెరిచారు. "వాహనము షెడ్డులో లేదు. అనగా..." అని పెన్ను మూత తీశారు.

"ఒక్క నిమిషమండి," అన్నాను. "షీల్డిచ్చిన తనిఖీలో మీరు షెడ్డు బయట కుర్చీలో కూర్చుని చూశారు. బస్సు మీకెంత దూరంలో ఉందో రిజిస్టర్లో మీరే రాశారు."

ఆయన పేజీ తిప్పారు. "పద్దెనిమిది అడుగులు."

నేను కొలత టేపు ఒక కొస ఆయన చెప్పు దగ్గర పట్టి, రెండో కొస బస్సు నేల మీద పెట్టాను. చెప్పు బస్సు నేల మీదే ఉంది.

"ఇప్పుడెంతండి?"

ఆయన వంగి చూశారు. ఆయన తప్పుడు లెక్క రాసే మనిషి కాదు. అదొక్కటే మాకు ఆధారం.

"సున్నా."

"పద్దెనిమిది నుంచి సున్నా అయితే, అందుబాటు పెరిగినట్టా తగ్గినట్టా?"

చాలాసేపు ఆలోచించారు. ఎడం వైపు కాలవ ఫ్లెక్సీ చూశారు. దాని సందులోంచి నిజం కాలవ చూశారు.

"గణాంకముల ప్రకారం... పెరిగినది," అన్నారు. "ఇది ఇదివరకెన్నడూ నమోదు కాని స్థాయి." ఆయన గొంతులో సంతోషం మొదలైంది. బస్సు దిగబోతూ ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఠక్కున ఆగిపోయారు. "దిగినచో తగ్గును!"

"తగ్గునండి," అన్నాను.

అందుకని ఆయన దిగలేదు. అధికారి దిగకుండా తాను దిగడం మర్యాద కాదని భీమశంకరం గారూ దిగలేదు. పరీక్ష జరిగిన మూడు గంటలూ ఇద్దరూ బస్సులోనే కూర్చుని, ఏసుపాదం తెచ్చిచ్చిన కొబ్బరిబోండాలు తాగారు. కాసేపటికి భీమశంకరం గారు ఒక ఫ్లెక్సీ కొస ఎత్తి బయటికి చూశారు. ఏడాదిన్నరగా ఆయనా ఎక్కడికీ వెళ్ళినట్టు లేదు.

"మా అమ్మ పెళ్ళికి వెళ్ళింది ఈ దారినే," అన్నారు, ఎవరితోనూ కాకుండా. మళ్ళీ సర్దుకుని, "అనగా, ఆమె మనవరాలి పెళ్ళికి," అన్నారు.

ఒంటిగంటకి నూకరత్నం గారు బయటికొచ్చారు. ఎలా రాశారంటే చెప్పలేదు. ఫలితం రాకముందు పేపరు గురించి మాట్లాడితే మార్కులు తగ్గుతాయని ఆవిడ నమ్మకం. టేపు తీసుకుని మెళ్ళో వేసుకున్నారు, అంతే.

నిధి నుంచి పదిరోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. "మూల్యాంకన అధికారి లోపల ఆసీనుడై ఉన్నంతవరకు వాహనము ఎచటికి వెళ్ళినను అందుబాటులో ఉన్నట్లే పరిగణించవలెను." కృపానిధి గారిని మా బస్సుకి సంచార తనిఖీ అధికారిగా వేశారు. ఇదే నాలుగో యుగం. ఆయన రోజూ ఎనిమిదింటికి వచ్చి వెనక సీట్లో కూర్చుని, పావుగంటకోసారి రిజిస్టరులో "ఉన్నది" అని రాస్తారు. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు మామ్మల సంచులు అందిస్తారు, కుర్చీల పట్టీలు బిగిస్తారు. ఫ్లెక్సీలు తీసేశాం. కాలవ అలాగే ఉంది. ఫోన్లు ఎన్నొస్తున్నాయంటే, చరిత్ర రాయడానికి నాకు తీరిక చాలడం లేదు.

నెలన్నర తరవాత ఒకరోజు, ఆసుపత్రి నుంచి వస్తుండగా, బస్సులోనే నూకరత్నం గారి ఫోన్లో ఫలితాలు వచ్చాయి. ఆవిడ చూసి, మళ్ళీ చూసి, ఫోన్ నా చేతికిచ్చారు. లెక్కల్లో నలభై ఒకటి. పాస్. బస్సులో ఉన్న ఆరుగురూ చప్పట్లు కొట్టారు. ఏసుపాదం హారను ఒకటే కొట్టుడు. గట్టు మీద నడిచేవాళ్ళు ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నారు.

"చంకలు బిగించేత్తానే ఇంక," అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ. "సోమవారం నించే."

కృపానిధి గారు కూడా రిజిస్టరు పక్కన పెట్టారు. "ఎటువంటి ప్రశ్నలు వచ్చినాయమ్మా?" అని అడిగారు.

"బస్సు లెక్కొకటి వచ్చిందండి. బస్సు గంటకి నలభై కిలోమీటర్లు పోతే, నూట ఇరవై కిలోమీటర్లు ఎంతసేపట్లో చేరుద్ది అని."

"ఏమి రాసినారు?"

"మూడు గంటలని రాశానండి. కింద గమనిక అని పెట్టి, కదలనిత్తేనే అని కూడా రాశాను."

ఏసుపాదం వంతెన దగ్గర గేరు మార్చాడు. కృపానిధి గారు కిటికీలోంచి కాలవ కేసి చూస్తూ, నిజాయితీగా, చాలాసేపు ఆలోచించారు.

"గమనిక లేకపోతే తప్పయ్యేది," అన్నారు.